వ్యవసాయ విజ్ఞాన పోర్టళ్ల నిర్మాణంలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: డ్రూపల్ నేర్పే పాఠాలు

2011 మే 13న ఎండోసల్ఫాన్ ఉత్పత్తి, అమ్మకం, వాడకాలను దేశమంతటా నిలిపివేస్తూ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు జారీచేసింది. అప్పటివరకు పత్తి మొదలుకొని అనేక పంటలలో పురుగుల నివారణకు ఈ మందు పేరు సిఫారసులలో తరచుగా కనిపించేది. ఉత్తర్వు వెలువడిన మరునాటినుంచి ఆ సిఫారసులన్నీ చెల్లనివయ్యాయి. ముద్రితమైన కరపత్రాన్ని రైతు ఇంటి గూటిలోనుంచి వెనక్కు తీసుకురావడం ఎవరికీ సాధ్యం కాదు. వెబ్ పోర్టల్‌లో ఉన్న పుటను మాత్రం ఒక్క గంటలో సరిచేయవచ్చు. అయితే, ఆ మందు పేరు ఏయే పుటలలో ఉన్నదో పోర్టల్ చెప్పగలగాలి. చెప్పగలుగుతుందా, లేదా అన్నది ఆ పోర్టల్‌ను ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ పద్ధతిలో నిర్మించారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. విస్తరణ శాస్త్రవేత్తలు సాఫ్ట్‌వేర్ విషయాన్ని పూర్తిగా కంప్యూటర్ విభాగానికి వదిలివేయకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

వెబ్‌సైటు, పోర్టల్

వ్యవహారంలో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడుతున్నారు. సంస్థను గురించి తెలిపే కొన్ని పుటల సముదాయం వెబ్‌సైటు. ఒక పెద్ద సంస్థలోని అనేక విభాగాలు తమతమ సమాచారాన్ని తామే చేర్చుకొంటూ, ఎవరికి ఏది చూపాలో, ఎవరు ఏది మార్చవచ్చునో నియమించుకొంటూ, అంతా ఒకే ద్వారం గుండా అందించే ఏర్పాటు పోర్టల్. పరిశోధనా స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, కళాశాలలు, ఏరువాక కేంద్రాలు పలు జిల్లాలలో విస్తరించి ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కావలసింది రెండవదే. మారుటేరులో రూపొందిన వరి రకం వివరాలను మారుటేరు శాస్త్రవేత్తే నమోదు చేయాలి. దానిని పరిశీలించి విడుదల చేసే అధికారం మరొకరికి ఉండాలి. రైతుకు మాత్రం ఈ అంతర్గత విభజన ఏదీ కనబడనవసరం లేదు.

ఇటువంటి పోర్టళ్లను నిర్మించే సాఫ్ట్‌వేర్ తొలినాళ్లలో పెద్ద కంపెనీల సొత్తుగా, భారీ లైసెన్సు రుసుములతో ఉండేది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఈ పరిస్థితి మారసాగింది. జావా భాషలో లైఫ్‌రే, పైథాన్ భాషపై ఆధారపడిన జోప్ మీద ప్లోన్, పీహెచ్‌పీ భాషలో డ్రూపల్ దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకొన్నాయి. జూమ్లా కొంత తరువాతిది. మాంబో అనే సాఫ్ట్‌వేర్ నుంచి దాని నిర్మాతలలో ఒక వర్గం 2005లో విడివడి దానిని ఆరంభించింది. లైఫ్‌రే అనుసరించిన పోర్ట్‌లెట్ ప్రమాణం 2003లో ఖరారైంది. ఒకే పుటలో వాతావరణం ఒక గడిలో, మార్కెట్ ధరలు మరొక గడిలో, ఉద్యోగి సెలవుల వివరం ఇంకొక గడిలో వేర్వేరు మూలాలనుంచి వచ్చి కూర్చొనే పద్ధతి అది. బ్యాంకులకు, పెద్ద కార్యాలయాలకు ఈ పద్ధతి బాగా నచ్చింది. వ్యవసాయ విజ్ఞానం విషయంలో అసలు పని ప్రధానంగా సమాచారాన్ని క్రమబద్ధంగా భద్రపరచి, అవసరమైనప్పుడు తిరిగి వెలికితీయడం. ఆ పనికి డ్రూపల్ వంటి విషయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఉపకరిస్తున్నది. పరిశోధన గ్రంథాలు, థీసిస్‌ల భాండాగారం దీనికి భిన్నమైన అవసరం. దానికి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ ఉన్నది. జాతీయ వ్యవసాయ పరిశోధనా వ్యవస్థలోని థీసిస్‌లను భద్రపరచే కృషికోశ్ దీనిపైనే నడుస్తున్నది.

లైసెన్సులో ఉన్న హక్కు

ఓపెన్ సోర్స్ అంటే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అన్న అభిప్రాయం విద్యార్థులలోనే కాక పరిపాలకులలోనూ ఉన్నది. రుసుము లేకపోవడం ఇందులో ఒక ఫలితమే గాని లక్షణం కాదు. సోర్స్ కోడ్‌ను చదివే, మార్చే, మార్చినదానిని తిరిగి పంచే హక్కు వాడుకదారుకు లైసెన్సు ద్వారా సంక్రమించడమే దాని లక్షణం. డ్రూపల్ జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్సు రెండవ కూర్పు లేదా ఆ తరువాతి కూర్పుల కింద లభిస్తుంది. ఆ లైసెన్సు ప్రకారం, మార్పులు చేసి ఇతరులకు పంచిపెట్టేవారు ఆ మార్పుల సోర్స్ కోడ్‌ను కూడా అదే షరతులపై అందించాలి.

ప్రభుత్వ సంస్థకు ఈ హక్కు విలువ గుత్తేదారు మారినప్పుడు తెలుస్తుంది. పోర్టల్ నిర్మించిన సంస్థ తప్పుకొన్నా, దాని లోపలి తంత్రం తెలిసినవారు బయట మరికొందరు ఉంటారు. గుట్టుగా ఉంచిన సొంత కోడ్‌తో నిర్మించిన పోర్టల్ విషయంలో ఈ వెసులుబాటు ఉండదు. అటువంటి చోట కొత్త గుత్తేదారు చెప్పే మొదటి మాట సాధారణంగా, ‘అంతా మళ్లీ మొదటినుంచి కట్టాలి’ అన్నదే. భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం ప్రభుత్వ కార్యాలయాలు సాఫ్ట్‌వేర్ సేకరణలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలనీ, ఇవ్వలేకపోతే కారణం నమోదు చేయాలనీ కోరడంలో ఆంతర్యం ఇదే.

డ్రూపల్ పుట్టుక విస్తరణ రంగంవారికి ఆసక్తి కలిగించేదే. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న డ్రీస్ బుయ్‌టార్ట్ తన మిత్రులు వార్తలు పంచుకొనేందుకు ఒక చిన్న వేదికను రూపొందించాడు. డచ్ భాషలో గ్రామానికి ‘డోర్ప్’ అని పేరు. ఆ పేరుతో చిరునామా నమోదు చేయబోయి పొరపాటున ‘డ్రాప్’ అని టైపు చేశాడు. ఆ మాటకు బిందువు అన్న అర్థం ఉన్నందున డచ్‌లో బిందువును తెలిపే ‘డ్రుపెల్’ నుంచి డ్రూపల్ అన్న పేరు స్థిరపడింది. 2001 జనవరిలో సోర్స్ కోడ్ బహిరంగమైంది. గ్రామం అన్న భావనతో ఆరంభమైన సాఫ్ట్‌వేర్ ఎనిమిదేళ్ల తరువాత భారతీయ వ్యవసాయానికి పనికిరావడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగినది.

పుటను కాదు, సమాచారాన్ని నిర్మించడం

మామూలు వెబ్‌సైటులో ఒక వరి రకాన్ని గురించిన పుట అంటే కొన్ని పేరాల వచనం. అందులో పంటకాలం ఎక్కడ ఉన్నదో, తెగులును తట్టుకొనే గుణం ఎక్కడ ఉన్నదో చదివే మనిషికి తెలుస్తుంది. కంప్యూటర్‌కు తెలియదు. డ్రూపల్ పద్ధతి దీనికి భిన్నం. ముందుగా ‘వరి రకం’ అనే విషయ నమూనాను తయారుచేయాలి. రకం సంఖ్య, వాడుక పేరు, రూపొందించిన స్థానం, విడుదలైన సంవత్సరం, పంటకాలం, తట్టుకొనే తెగుళ్లు, అనువైన ప్రాంతాలు అనే వేర్వేరు గడులు అందులో ఉంటాయి. ఎం.టి.యు. 1010 అని ఒక గడిలో, కాటన్‌దొర సన్నాలు అని మరొక గడిలో, మారుటేరు అని ఇంకొక గడిలో నమోదవుతాయి. బి.పి.టి. 5204కు సాంబ మసూరి, బాపట్ల. ఇలా నమోదైన తరువాత, ‘మారుటేరులో రూపొంది, ఇన్ని రోజులలోపు కోతకు వచ్చే రకాలు’ అన్న ప్రశ్నకు జాబితాను వ్యూస్ అనే మాడ్యూల్ క్షణంలో ఇస్తుంది. అదే జాబితాను జిల్లాలవారీగా, కాలవారీగా వేరే పుటలలో చూపడానికి సమాచారాన్ని మళ్లీ టైపు చేయనవసరం లేదు.

ఎండోసల్ఫాన్ సమస్యకు సమాధానం ఇక్కడే ఉన్నది. సస్యరక్షణ సిఫారసును వచనంగా కాక, పంట, పురుగు, మందు, మోతాదు, సిఫారసు చేసిన తేదీ అనే గడులుగా నమోదు చేసి, మందుల పేర్లను ఒక నియంత్రిత పదజాలంగా ఏర్పరచారనుకొందాం. అప్పుడు మందు పేరు డేటాబేస్‌లో ఒక్కచోటే ఉంటుంది. ప్రతి సిఫారసూ దానిని చూపిస్తుందే గాని మళ్లీ రాసుకోదు. నిషేధం వచ్చిన రోజున ఆ ఒక్క పదానికి ‘నిషిద్ధం’ అన్న గుర్తు పెట్టి, గుర్తున్న మందుతో ముడిపడిన సిఫారసులన్నిటినీ రైతుల పుటలనుంచి తొలగించే నియమాన్ని వ్యూస్‌లో పెట్టవచ్చు. వందల పుటలను చేతితో తిరగవేయవలసిన అవసరం తప్పుతుంది.

దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉన్నది. శాస్త్రవేత్త తన వ్యాసాన్ని యథాతథంగా అతికించలేడు, గడి గడికీ విడదీసి నింపాలి. మొదటి ఏడాది అందరూ విసుక్కొనేది ఈ పని మీదే. సమాచార నమూనాను రూపొందించే దశలో సస్యరక్షణ, ప్రజననం, మృత్తికా విభాగాలవారు కూర్చొని చర్చించకపోతే, గడులు నిరుపయోగంగా మిగిలి, అంతా ‘ఇతర వివరాలు’ అన్న ఒకే పెట్టెలో చేరుతుంది. పోర్టల్ మళ్లీ పాత వెబ్‌సైటే అవుతుంది.

ఎవరు రాస్తారు, ఎవరు ఆమోదిస్తారు అన్నది డ్రూపల్‌లో హోదాలు, అనుమతుల ద్వారా నిర్ణయమవుతుంది. ప్రతి మార్పుకూ పాత ప్రతిని భద్రపరచే సౌకర్యం ఉన్నందున, ఏ సిఫారసు ఏ తేదీన ఎవరిచేత మారిందో తరువాత చూడవచ్చు. ఏటేటా వెలువడే వ్యవసాయ పంచాంగానికి అట్టమీద సంవత్సరం ఉంటుంది కాబట్టి పాతదేదో, కొత్తదేదో రైతుకు తెలుస్తుంది. వెబ్ పుటకు అట్ట ఉండదు. తేదీ గడిని తప్పనిసరి చేయడం అందువల్ల చిన్న విషయం కాదు.

అగ్రోపీడియా ప్రయోగం

భారతదేశంలో ఈ దిశగా జరిగిన ప్రయత్నాలలో ఎన్నదగినది అగ్రోపీడియా. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ప్రపంచ బ్యాంకు సాయంతో నడిపిన జాతీయ వ్యవసాయ ఆవిష్కరణల ప్రాజెక్టులో భాగంగా, ఐఐటీ కాన్పూర్ భాగస్వామ్యంతో ఇది 2009 జనవరిలో ఆరంభమైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, పంత్‌నగర్, రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఇందులో పాలుపంచుకొన్నాయి. వేదిక డ్రూపల్‌పై నిర్మితమైంది.

అగ్రోపీడియాలో రెండు అంశాలు విస్తరణ విద్యార్థులు శ్రద్ధగా గమనించదగినవి. మొదటిది, విజ్ఞానాన్ని రెండు పాయలుగా విడదీయడం. నిపుణులు పరిశీలించి ధ్రువీకరించిన సమాచారం ‘జ్ఞానధార’లోను, రైతులు, విస్తరణ కార్యకర్తలు పంచుకొన్న అనుభవాలు, అభిప్రాయాలు ‘జనజ్ఞాన్’లోను ఉండేవి. రైతు అనుభవాన్ని బయటకు నెట్టకుండా, అలాగని దానిని విశ్వవిద్యాలయ సిఫారసుగా పొరబడనీయకుండా చూసిన ఏర్పాటు ఇది. సాంకేతికంగా ఇది రెండు విషయ నమూనాలు, రెండు రకాల అనుమతులు మాత్రమే. కాని ఈ విభజన వెనుక విస్తరణ విద్యలో ఎంతోకాలంగా నడుస్తున్న చర్చ ఉన్నది. రెండవది, పంటలకు విజ్ఞాన నమూనాలను తయారుచేయడం. ఒక పంటకు సంబంధించిన నేల, రకం, తెగులు, పురుగు, యాజమాన్య పద్ధతి మొదలైన భావనలను, వాటి మధ్య సంబంధాలను పటంగా గీసి, పుటలకు ఆ భావనలతో ముడివేశారు. కేవలం మాట కలిసినందువల్ల కాక, విషయ సంబంధాన్నిబట్టి సమాచారం దొరకాలన్నది ఉద్దేశం. ఇదే కృషికి అనుబంధంగా కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు రైతుల మొబైల్ ఫోన్లకు మాటల రూపంలో సలహాలు పంపే ఏర్పాటు కూడా జరిగింది. చదవడం రానివారికి పోర్టల్ చేరాలంటే చివరి మెట్టు వెబ్ పుట కాదని నిర్మాతలు గ్రహించారు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా ఇంచుమించు అదే కాలంలో వ్యవసాయ సమాచార సంస్థల కోసం అగ్రిడ్రూపల్ పేరిట డ్రూపల్ మాడ్యూళ్లను, నమూనాలను ఒకచోట కూర్చింది.

తెలుగు సమాచారం: అసలు చిక్కు

సాఫ్ట్‌వేర్ ఏదైనా, తెలుగు పోర్టల్‌కు ఎదురయ్యే మొదటి సమస్య పాత ఫాంట్లు. అచ్చు పనికోసం దశాబ్దాలుగా వాడిన ఫాంట్లు చాలావరకు యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. వాటిలో కనబడేది తెలుగు అక్షరమే అయినా, కంప్యూటర్‌లో నిలిచేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగూర. అటువంటి ఫైలును పీడీఎఫ్‌గా పోర్టల్‌లో చేరిస్తే, మనిషి చదవగలడు గాని శోధన యంత్రం చదవలేదు. పోర్టల్ నిండా సమాచారం ఉన్నా, ‘అగ్గితెగులు’ అని వెతికిన రైతుకు ఒక్కటీ దొరకదు. పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. మార్పిడి తరువాత ఒత్తులు, అంకెలు, మోతాదులు సరిచూసే మనిషి మాత్రం తప్పనిసరి. మోతాదులో ఒక బిందువు తొలగిపోతే సిఫారసు విషమవుతుంది.

యూనికోడ్‌లో ఉన్నంత మాత్రాన చిక్కులు తీరవు. ‘క్షేత్రం’ అన్న మాటలో కంటికి రెండు అక్షరాలే కనబడతాయి. కంప్యూటర్ దృష్టిలో అవి 8 సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. పోర్టల్‌నుంచి ఫోన్లకు సంక్షిప్త సందేశాలు పంపేచోట ఇది నేరుగా ఖర్చుగా మారుతుంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగుకు 70 సంకేతాలే పడతాయి.

విభక్తి ప్రత్యయాలు మరొక చిక్కు. డ్రూపల్‌తో వచ్చే మూల శోధన సౌకర్యం పూర్తి పదాలనే పోలుస్తుంది. ‘వరి’ అని వెతికితే ‘వరిలో’, ‘వరికి’, ‘వరిపైరుకు’ అని ఉన్న పుటలు జారిపోతాయి. నిషిద్ధమైన మందు పేరునే చూస్తే, ‘ఎండోసల్ఫాన్’, ‘ఎండోసల్ఫాను’, ‘ఎండోసల్ఫాన్‌ను’ అన్నవి శోధన యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. పైగా మూడవ మాటలో పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విభజన సంకేతం ఉన్నది. అది లేకుండా టైపు చేస్తే ‘న’కారానికి ‘న’ ఒత్తు తగిలి నాలుగవ మాట తయారవుతుంది. వచనంగా నింపిన పోర్టల్‌లో నిషేధిత మందును వెతికి తీసివేయడం ఎంత అనిశ్చితమైన పనో దీనివల్ల తెలుస్తుంది. నియంత్రిత పదజాలం ఒక్కటే దీనికి గట్టి మందు. మూల శోధన స్థానంలో అపాచీ సోల్ర్ వంటి ఓపెన్ సోర్స్ శోధన యంత్రాన్ని అమర్చుకోవడం రెండవ జాగ్రత్త. దానికి ఆధారమైన లూసీన్ 9వ తరం కూర్పులలో తెలుగు పదాల ప్రత్యయాలను తొలగించి పోల్చే విశ్లేషకం ఉన్నది.

పేర్ల వైవిధ్యం మూడవది. ఒకరు సుడిదోమ అన్నదానిని మరొకరు దోమపోటు అంటారు. వేరుశనగను ఒకచోట పల్లి అంటే మరొకచోట బుడ్డలు అంటారు. వీటిలో ఏది సరియైనదన్న వాదం పోర్టల్‌కు అనవసరం. ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ పదకోశం ప్రతి భావనకు ఒక స్థిరమైన గుర్తింపును ఇచ్చి, దాని కింద వివిధ భాషల పేర్లను, పర్యాయపదాలను చేరుస్తుంది. తెలుగు కూడా ఆ భాషలలో ఒకటి. స్థానిక పేర్లను పర్యాయపదాలుగా చేర్చుకొంటూ పోవడం విస్తరణ విభాగం చేయదగిన పని. కంప్యూటర్ నిపుణులకు అది సాధ్యం కాదు. జిల్లాలనుంచి రైతులు అడిగే ప్రశ్నలలోని మాటలను సేకరించడమే ఒక స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు తగిన అంశం.

నిర్వహణ భారం

ఓపెన్ సోర్స్ పోర్టల్ ఖర్చు నిర్మాణం తరువాత మొదలవుతుంది. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక తీవ్రమైన భద్రతాలోపం వెల్లడైంది. సవరణ విడుదలైన ఏడు గంటలలోగా దానిని అమర్చుకోని సైట్లన్నీ చొరబాటుకు గురైనట్లే భావించాలని డ్రూపల్ భద్రతా బృందం తరువాత హెచ్చరించింది. 2018 మార్చిలో మరొకసారి అటువంటి లోపమే బయటపడింది. లోపాన్ని దాచకుండా ప్రకటించి, సవరణను అందరికీ ఒకేసారి ఉచితంగా ఇవ్వడం ఓపెన్ సోర్స్ సుగుణం. కాని ఆ ప్రకటన దుండగులకూ అదే క్షణంలో చేరుతుంది. ఏడు గంటలలో స్పందించే మనిషి లేని సంస్థకు ఆ సుగుణమే ముప్పు అవుతుంది.

తరం మారినప్పుడు భారం ఇంకా పెరుగుతుంది. 2015లో వచ్చిన డ్రూపల్ 8ను సిమ్ఫొనీ అనే చట్రం ఆధారంగా చాలావరకు తిరగరాశారు. డ్రూపల్ 7నుంచి దానికి మారడం పేరుకు నవీకరణే, పనిలో దాదాపు పునర్నిర్మాణం. ఎందరో మారలేకపోయినందున డ్రూపల్ 7కు మద్దతు గడువును పలుమార్లు పొడిగించి, చివరకు 2025 జనవరి 5న ముగించారు. మూడేళ్ల లేదా ఐదేళ్ల ప్రాజెక్టు నిధులతో నిర్మించిన పోర్టళ్లకు ఈ దశే గండం. ప్రాజెక్టు ముగుస్తుంది, ఒప్పంద ఉద్యోగి వెళ్లిపోతాడు, సర్వర్ అద్దె ఏ పద్దులో రాయాలో తెలియదు. సాఫ్ట్‌వేర్ హక్కు సంస్థకే ఉన్నా దానిని వినియోగించే చేతులు ఉండవు. నిర్మాణ ప్రతిపాదనలోనే నిర్వహణ పద్దును విశ్వవిద్యాలయ సాధారణ బడ్జెట్‌కు మళ్లించే తేదీ రాయడం, విడిగా చేసిన కోడ్‌ను, డేటాబేస్ ప్రతిని సంస్థ అధీనంలో ఉంచడం, ఆ ప్రతినుంచి పోర్టల్‌ను వేరొక కంప్యూటర్‌పై తిరిగి నిలబెట్టగలరో లేదో ఏడాదికొకసారి చేసి చూడడం అవసరం. మూడవది చాలా సంస్థలలో జరగదు. ప్రతిని తీస్తారు గాని, అది పనిచేస్తుందో లేదో సర్వర్ చెడిపోయిన రోజునే తెలుసుకొంటారు.

పాత సిఫారసులను పూర్తిగా చెరిపివేయాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ఏ మందును ఏ సంవత్సరంలో ఏ పంటకు సిఫారసు చేశారు, ఎప్పుడు, ఎందుకు ఉపసంహరించారు అన్నది పరిశోధన విద్యార్థికి అవసరమైన సమాచారమే. డ్రూపల్‌లో ఒకే నమోదును హోదాను బట్టి వేర్వేరుగా చూపవచ్చు. ఎండోసల్ఫాన్ ఉన్న పాత సిఫారసు ఉపసంహరణ తేదీతో, కారణంతో శాస్త్రవేత్తల, విద్యార్థుల పుటలలో నిలిచి ఉంటుంది. పత్తిలో పురుగుకు మందు వెతుక్కొంటున్న రైతు తెరమీదికి మాత్రం రాదు.